మా మహిళా మండలి ఏడాది లెక్క

ఖమ్మంలో మా కాలనీ మహిళా మండలికి 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా కార్యదర్శిగా చేశాను. మొన్ననే పుస్తకాలు వేరేవాళ్లకి అప్పజెప్పాను. ఈ పని నెత్తిన వేసుకోబోయేవాళ్లకి ముందే తెలిస్తే మంచిదని, జ్ఞాపకం ఉండగానే రాస్తున్నా.

నా చేతికొచ్చిన ఆస్తి ఇదీ: ఒక లాంగ్ నోట్‌బుక్కు, మూత సరిగా పడని స్టీలు డబ్బా, అందులో 11,460 రూపాయలు, అంచులు చిరిగిన బ్యానరు, ఫోన్ గ్రూపులో అడ్మిన్ పదవి. పుస్తకంలో అరవై పైచిలుకు పేర్లున్నాయి. చందా నెలకు వంద. వచ్చేది మాత్రం పాతిక మంది, మహా అయితే ముప్పై. చందా కట్టి కూడా రాని మిగతావాళ్ల సంగతేంటన్నది నాకు మొదట్నుంచీ కుతూహలం. ఏ నెల ఏం కార్యక్రమం పెట్టాలన్నదానికంటే ఎక్కువ ఆలోచన దాని మీదే పోయింది.

మా మండలి ఎప్పట్నుంచో రెండో శనివారం మధ్యాహ్నం మూడింటికి కలుస్తుంది. రెండో శనివారం ఆఫీసులకీ బ్యాంకులకీ సెలవు కాబట్టి ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా వస్తారని ఎవరో ఎప్పుడో పెట్టిన రోజు. ఏప్రిల్‌లో ఇంటింటికీ వెళ్లి చందా వసూలు చేస్తూ అడిగితే అసలు సంగతి బయటపడింది. "సెలవంటే ఆయన ఇంట్లో ఉంటారు కదా వదినా, రెండింటికి అన్నం, నాలుగింటికి టీ, మధ్యలో పకోడీ. నేనెట్లా వస్తా?" అంది మూడో వీధి కోడలు. అదే మాట నాలుగైదు ఇళ్లలో వేరే వేరేగా విన్నాను. ఉద్యోగస్తుల కోసం పెట్టిన రోజు ఇంట్లో ఉండేవాళ్లకి కుదరడం లేదు. పోనీ ఉద్యోగాలు చేసేవాళ్లు వస్తున్నారా అంటే, వాళ్లకి వారం బట్టలన్నీ ఆ రోజే.

మే నెల అసలు జరగలేదు. 13న లోక్‌సభ పోలింగు. 11న మా రోజు. టీచర్లకి ఎన్నికల డ్యూటీ, కమ్యూనిటీ హాలు చూసే ఆయనకి ఎన్నికల కోడ్ భయం. "పదిమంది ఆడవాళ్లు గుమిగూడినా అడుగుతారమ్మా, అయ్యాక పెట్టుకోండి" అన్నాడు. ఎండ సంగతి ఖమ్మం వాళ్లకి చెప్పక్కర్లేదు. అందరం ఊపిరి పీల్చుకుని ఆవకాయల్లో పడ్డాం.

జూన్ 8న పెట్టాం. హాలు అద్దె వెయ్యి, ఊడ్చినందుకు రెండొందలు, కుర్చీ పది చొప్పున నలభై కుర్చీలు, మైకు. వచ్చింది పదకొండు మంది. ఆ రోజు మృగశిర కార్తె! ఊళ్లో సగం ఇళ్లకి చేపలొచ్చాయి. చేపలు ఇంట్లో పెట్టుకుని ఎవరొస్తారు? కడగాలి, పులుసు పెట్టాలి, ముళ్లు తీసి పిల్లలకి పెట్టాలి. వచ్చిన పదకొండు మందీ శాకాహారులు, లేదా శనివారం ముట్టనివాళ్లు. ఖాళీ కుర్చీల ముందు మైకు పట్టుకుని మాట్లాడుతుంటే నాకే నవ్వొచ్చింది, లోపల మాత్రం గట్టిగా తగిలింది. మిగిలిన సమోసాలు పంచడానికి ఇంటింటికీ తిరిగితే ప్రతి గుమ్మంలోనూ పులుసు వాసనే.

ఆ వారమే గ్రూపులో ఓటింగ్ పెట్టాను. రెండో బుధవారం, మూడు నుంచి నాలుగున్నర. ఆ వేళకి మగవాళ్లు ఆఫీసుల్లో, పిల్లలు బడుల్లో. ఉద్యోగాలు చేసేవాళ్ల కోసం పండగ కార్యక్రమాలు ఆదివారం. ఇది ఖరారవడానికి రెండు వారాలు పట్టింది. ఇద్దరు పెద్దవాళ్లు "పాతికేళ్లుగా శనివారమే" అని అలిగారు. అలక తీర్చడానికి వాళ్లింటికెళ్లి కాఫీలు తాగొచ్చాను.

ఇక జూలై 10. ఆషాఢం వచ్చి నాలుగు రోజులైంది కాబట్టి గోరింటాకు పెట్టుకోవాలన్నారు. నాకేమో ఒక లేడీ డాక్టరుని పిలవాలనుంది. రెండూ కలిపేశాం. ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చిన కార్యక్రమం అదే. ఎందుకంటే గోరింటాకు పెట్టుకున్న చేతులతో ఎవరూ ఫోన్ ముట్టుకోలేరు! గంటసేపు ముప్పై ఏడుగురు ఆడవాళ్లు కదలకుండా, చేతులు ముందుకి చాపుకుని, ఒక మనిషి చెప్పేది వినడం మా మండలిలో అదే మొదటిసారి అనుకుంటా.

దానికి ముందు పడ్డ పాట్లు వేరు. ఆకు మా వెనక వీధి పిన్నిగారి చెట్టుది, రెండు సంచులు. మిక్సీ జారు ఎర్రబడుతుందని ఒక్కరూ జారు ఇవ్వలేదు. చివరికి ఇడ్లీ బండి అతని గ్రైండరుకి మూడొందలిచ్చి రుబ్బించాం. ముద్దలో కాస్త చింతపండు వేస్తే బాగా పండుతుందని ఒకరు, అక్కర్లేదని ఒకరు. ఇంకో విషయం, రక్త పరీక్ష గోరింటాకు కంటే ముందు అయిపోవాలి. వేలు గుచ్చాలి కదా! ల్యాబ్ అబ్బాయి రెండున్నరకే వచ్చి కూర్చున్నాడు. హిమోగ్లోబిన్‌కి మనిషికి యాభై తీసుకున్నాడు. చేయించుకున్నది ముప్పై ఒక్కరు, 1,550 రూపాయలు. ఆడవాళ్లకి 12 ఉండాలట. సగం మందికి పైగా 12 లోపే. ఒకావిడకి 7.8. "నీరసం వయసుతో వచ్చిందనుకున్నా" అంది. ఆవిడకి నలభై రెండేళ్లు.

డాక్టరుగారు మూడింటికి వస్తానని నాలుగూ ఇరవైకి వచ్చారు. కాన్పు కేసు తగిలిందట, ఏమంటాం. మైకులో ఎవరూ నోరు విప్పరని నాకు తెలుసు. అందుకే గోరింటాకు మొదలుపెట్టకముందే తలా ఒక చీటీ ఇచ్చి, పేరు లేకుండా అడగాలనుకున్నది రాసి డబ్బాలో వేయమన్నాను. అదే ఆ మూత పడని డబ్బా. డాక్టరు ఒక్కో చీటీ విప్పి చదువుతుంటే మొదట కిసుక్కుమని నవ్వులు. దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతోంది, ఏం చేయాలన్న చీటీ వచ్చింది. తర్వాత అలాంటిదే ఇంకోటి. ఇంకోటి. ఎనిమిది చీటీలు అదే ప్రశ్న! నవ్వులు ఆగిపోయాయి. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలైంది. ఇన్నేళ్లుగా పక్కపక్కన కూర్చుని బజ్జీలు తిన్నవాళ్లం. పెళ్లిళ్లకి దూర ప్రయాణాలంటే ఒకావిడ ఎప్పుడూ ఎందుకు మానేసేదో నాకు ఆ రోజు అర్థమైంది. మూత్రం బిగబట్టినట్టు కండరాలు బిగించి వదిలే వ్యాయామం డాక్టరు కుర్చీల్లోనే చేయించారు. దాన్ని పొయ్యి దగ్గర నిలబడి కూడా చేయొచ్చట. రొమ్ములో గడ్డ ఉందేమో స్నానం చేసేటప్పుడు ఎలా చూసుకోవాలో కూడా చెప్పారు. ఫీజు వద్దన్నారు. పళ్లబుట్ట ఇచ్చాం, 450.

శ్రావణం మాత్రం నాకు కష్టంగా గడిచింది. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 16న. అంతకుముందు 14న మా బుధవారం. "సామూహిక కుంకుమ పూజ పెడదాం, ఏటా అదే కదా" అన్నారు. పాత రిజిస్టరు తిరగేస్తే ఏటా ఆగస్టులోనే హాజరు పడిపోతోంది. వ్రతాల హడావుడి అనుకునేవాళ్లం. పేర్లు చూస్తే వేరే సంగతి కనబడింది: భర్త పోయినవాళ్లు ఆరుగురు, క్రైస్తవులు ఎనిమిదిమంది, ఒక ముస్లిం అక్క. వీళ్లెవరూ ఆగస్టులో రారు, ఎవరూ పిలవరు కూడా. మండలి మొదలుపెట్టినవాళ్లలో ఒకావిడ భర్త మూడేళ్ల కిందట పోయారు. ఆవిడ సెప్టెంబరులో వచ్చి ఏమీ ఎరగనట్టు చందా కట్టి వెళ్తుంది.

పూజ ఎవరిళ్లలో వాళ్లు చేసుకుందాం, హాల్లో అందరూ చేసే పనే పెడదాం అన్నాను. గొడవైంది. "పండగ పూటా పసుపు కుంకుమలు లేకుండా ఏం మండలి?" అని ఒకావిడ గ్రూపులోంచి వెళ్లిపోయింది కూడా, తర్వాత దసరాకి తిరిగొచ్చింది. జాకెట్ కటింగు నేర్పేవాళ్లని పిలిచాం. పాత చీరల అంచులతో చేతి సంచులు కుట్టడం కూడా చూపించారు. భర్త పోయిన ఆరుగురిలో నలుగురు వచ్చారు. వెళ్లేటప్పుడు అందరికీ ఒకే సంచి: ఒక యాపిల్, పూలు, జాకెట్ గుడ్డ. పూలు తీసుకోవాలా వద్దా అని ఆ పెద్దావిడ ఒక్క క్షణం ఆగి, తీసుకుని సంచిలో వేసుకుంది. నేను వేరేవైపు చూశాను.

సెప్టెంబరు 1 ఆదివారం మా ఊరి పక్కన పారే మున్నేరు పొంగింది. ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది చిక్కుకుపోతే రాత్రి ఒక జేసీబీ డ్రైవరు తెగించి వెళ్లి తీసుకొచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. మా కాలనీ మెరకలో ఉంది కాబట్టి మాకు నీళ్లు రాలేదు. మా సభ్యుల్లో ఇద్దరి పుట్టిళ్లు నీళ్లు చేరిన బొక్కలగడ్డ వైపు. సోమవారం పొద్దున్నే పాతిక కిలోల బియ్యం పులిహోర కలిపి పొట్లాలు కట్టి ఆటోలో పట్టుకెళ్లాం. వెళ్తే అక్కడ అప్పటికే పులిహోర గుట్టలు. ఊరంతా పులిహోరే కలిపినట్టుంది. ఒకావిడ నన్ను పక్కకి లాగి, "అన్నం చాలమ్మా, కట్టుకోను బట్టల్లేవు. లోపలి బట్టలు కూడా నిన్నట్నుంచీ ఇవే" అంది. ఇంట్లో ఫ్రిజ్ బోర్లా పడి ఉంది. దండెం మీద చీరలకి బదులు పిల్లవాడి ఇంటర్ మెమో, ఆధార్ కార్డులు, రేషన్ కార్డు క్లిప్పులు పెట్టి ఆరేసి ఉన్నాయి.

ఆ సాయంత్రం గ్రూపులో డబ్బులడిగాను. రెండు రోజుల్లో 23,500 వచ్చాయి. ఎప్పుడూ కార్యక్రమాలకి రానివాళ్లే ముందు వేశారు. కమాన్ బజార్‌లో హోల్‌సేల్ కొట్లో నైటీలు ఒక్కోటి 160 చొప్పున అరవై తీసుకున్నాం. లంగాలు, లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, గట్టి చీపుళ్లు, ఫినాయిల్, బురద తోడే పారలు పది. మీరెప్పుడైనా ఇలా కొనాల్సి వస్తే లోదుస్తుల్లో పెద్ద సైజులు ఎక్కువ తీసుకోండి, మాకు చిన్నవి మిగిలిపోయాయి. పారలు మాత్రం పంచకండి, వంతులవారీగా వాడుకుంటారు. ఒక ఇంట్లో బురద తోడాక పక్కింటికి వెళ్లాయి, చివరికి మాకు ఏడు తిరిగొచ్చాయి. ఆ బుధవారం సమావేశం పెట్టలేదు, చందా కూడా అడగలేదు.

బతుకమ్మ ఆ ఏడాది అక్టోబరు 2న ఎంగిలిపూలతో మొదలై 10న సద్దులతో ముగిసింది. మేం 9న, వెన్నముద్దల రోజున పెట్టుకున్నాం, ఎందుకంటే సద్దుల రోజు ఎవరి పుట్టిళ్లకి వాళ్లు వెళ్తారు. దసరా సెలవులు కాబట్టి టీచర్లూ వచ్చారు. తగువంతా డీజే దగ్గర. పిల్లలకి డీజే కావాలి. పెద్దవాళ్లేమో "డబ్బాలో పాటొస్తుంటే ఇక మా గొంతెందుకు, చప్పట్లెందుకు?" అన్నారు. గంటసేపు పెద్దవాళ్లు ఉయ్యాలో అంటూ పాడాలి, తర్వాత గంట బాక్సులు అని కుదిర్చాం. సౌండ్ బాక్సులకి 3,000, మైకు అనుమతికి పోలీస్ స్టేషన్‌లో ముందే దరఖాస్తు ఇవ్వాలి, పది దాటితే కట్టేయాలి. తంగేడు, గునుగు, బంతి కలిపి 2,200 అయింది. చిన్నప్పుడు చేల గట్ల మీద ఊరికే కోసుకొచ్చినవాటికి డబ్బులిస్తుంటే చెయ్యి రావడం లేదని మా అత్తమ్మ గొణిగింది. పెద్దవాళ్ల గంట గంటన్నర అయింది. డీజే కోసం వచ్చిన పిల్లలే, పాట అందుకోవడం రాక, వెనక వరుసలో పదాలు ఫోన్లో రికార్డు చేసుకున్నారు.

అట్లతద్దె కూడా జరిపాం. ఖమ్మం కదా, చాలామందికి పుట్టిల్లు కృష్ణా జిల్లా. ఉయ్యాల కట్టడానికి చెట్టు దొరక్క పార్కులో పిల్లల ఉయ్యాలలే ఎక్కారు. వాచ్‌మన్ అరిచాడు. అంతే.

కార్తీక వనభోజనాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ డబ్బు తిరిగేది అక్కడే. నవంబరు 17 ఆదివారం, పాలేరు దగ్గర ఒక మామిడి తోట. తోటాయన అద్దె తీసుకోలేదు, బాత్రూములు కడిగించడానికి 500 ఇమ్మన్నాడు. (తోట చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు బాత్రూమ్ చూడండి. చెట్లు తర్వాత.) వంటవాళ్ల కోసం అక్టోబరు 20న ఫోన్లు మొదలుపెడితే కార్తీకం ఆదివారాలన్నీ నిండిపోయాయన్నారు. పది రోజులు తిరిగితే ఒకాయన దొరికాడు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా, ప్లేటు 190, కనీసం యాభై ప్లేట్లకి డబ్బు కట్టాలి.

రవాణా దగ్గర చర్చ పెద్దదైంది. మినీ బస్సు 6,500 అడిగారు. "ఆర్టీసీలో ఆడవాళ్లకి ఉచితం ఉండగా ఆరువేల అయిదొందలు ఎందుకు తగలేస్తాం?" అన్నారు అందరూ. నిజమే, ఆధార్ చూపిస్తే జీరో టికెట్. పెద్దవయసువాళ్లు, మంచినీళ్ల క్యాన్లు, చాపలు ఒక ట్రాలీ ఆటోలో, మిగతావాళ్లం పల్లెవెలుగులో అనుకున్నాం. తీరా చూస్తే ఆ రోజు గ్రూప్-3 పరీక్ష. బస్టాండు నిండా హాల్ టికెట్లు పట్టుకున్న పిల్లలు. వాళ్లని తోసి ఎక్కలేం కదా, రెండు బస్సులు వదిలేశాం. తొమ్మిదింటికి చేరాల్సినవాళ్లం పదకొండున్నరకి చేరాం. పైగా ఆ నెలంతా ఇంటింటి సర్వే. మా టీచర్లు ముగ్గురు ఫారాలు నింపే పనిలో పడి ఆగిపోయారు. కట్టిన యాభై ప్లేట్లకి తిన్నది నలభై మూడు. మిగిలింది తోటలో పనివాళ్లకి పెట్టాం.

తోటలో ఉసిరి చెట్టు లేదు. ఎవరో కొమ్మ తెచ్చారు, దాన్ని మామిడి చెట్టు మొదట్లో పాతి దీపం పెట్టాం. తిన్నాక ఖోఖో ఆడారు. అరవై దాటినావిడ చీర దోపుకుని పరిగెడితే ఆవిడ కోడలు వీడియో తీసింది, ఆ వీడియో ఇప్పటికీ గ్రూపులో తిరుగుతోంది. తిరుగు ప్రయాణంలో నేలకొండపల్లి వెళ్లి భక్త రామదాసు మందిరం, బౌద్ధ స్తూపం చూడాలనుకున్నాం. చీకటి పడింది, మానేశాం.

డిసెంబరులో తంబోలా, కేకు, మూడొందల రూపాయల ప్రైజులు. చలికి ఐదింటికే వెళ్లిపోయారు.

ముగ్గుల పోటీ జనవరి 5 ఆదివారం. పండగ దగ్గరికొస్తే ఊళ్లకి వెళ్తారని వారం ముందే పెట్టాం. ముగ్గుల పోటీ పెట్టబోయేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, జడ్జి కాలనీ మనిషి కాకూడదు. మేం పక్క ఊరి నుంచి ఒక డ్రాయింగ్ టీచరుని పిలిచాం. అయినా తగువు తప్పలేదు. చుక్కల ముగ్గు వేసినవాళ్లు "రంగులు దిద్దినదానికి ఫస్ట్ ఎట్లా ఇస్తారు, ముగ్గంటే చుక్క కదా" అన్నారు. 21 చుక్కల మెలిక ముగ్గు ఒక్క చోట కూడా గీత తెగకుండా వేసిన పెద్దావిడకి రెండో బహుమతి, నెమలి బొమ్మ వేసిన అమ్మాయికి మొదటిది. నా ఓటు మెలిక ముగ్గుకే, కానీ ఆ మాట బయటికనలేదు. వచ్చే ఏడాది చుక్కలకి వేరు, రంగవల్లికి వేరు అని పుస్తకంలో రాసిపెట్టాను. పాల్గొన్న ఇరవై ఎనిమిది మందికీ చిన్న స్టీలు గిన్నె, ఒక్కోటి 55. వీధి రెండు వైపులా తాళ్లు కట్టినా ఫలితాలు చెప్పేలోపే ఒక ఆవు నెమలి మెడ తొక్కేసింది.

ఫిబ్రవరిలో సైబర్ మోసాల మీద ఒక మహిళా ఎస్సై వచ్చి మాట్లాడారు. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయాలని, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత వీలుంటుందని చెప్పారు. వీడియో కాల్‌లో అరెస్టు చేయడమన్నది ఎక్కడా లేదని మూడుసార్లు చెప్పించారు. అయిపోయి కుర్చీలు సర్దుతుంటే ఒకావిడ నా దగ్గరికొచ్చి, చిట్టీ డబ్బు నలభై వేలు నాలుగు నెలల కిందట అట్లాగే పోయిందని, ఇంట్లో ఎవరికీ తెలీదని చెప్పింది. ఎస్సై జీపు ఎక్కేలోపు పరిగెత్తి ఆపాం. పక్కన నిలబడి పావుగంట మాట్లాడారు. ఫిర్యాదైతే ఇచ్చింది. డబ్బు ఇంకా రాలేదు. భర్తకి చెప్పిందో లేదో నేనడగలేదు.

మార్చి 8 శనివారం మహిళా దినోత్సవం. ముఖ్య అతిథి, శాలువాలు, మెమెంటోలు, బొకేలు కలిపి అంతకుముందు ఏడాది ఏడు వేలు ఖర్చు చేశారని పుస్తకంలో ఉంది. అతిథిగారు గంటన్నర ఆలస్యంగా వచ్చి, పది నిమిషాలు స్త్రీశక్తి గురించి చెప్పి, ఫోటో దిగి వెళ్లారట. ఈసారి అతిథి లేరు. కాలనీలో చెత్త బండి మీద వచ్చే ఇద్దరు ఆడవాళ్లని, అంగన్‌వాడీ టీచరుని, ఆశా వర్కరుని పిలిచి వేదిక మీద కూర్చోబెట్టాం. చీర ఒక్కోటి 600. మనవాళ్లే ఒక నాటిక వేశారు, అత్త వేషం కోడలు, కోడలి వేషం అత్త. నవ్వలేక చచ్చాం. మైకు ఇస్తే చెత్త బండి ఆవిడ మూడే ముక్కలు మాట్లాడింది: తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వండి, గాజు పెంకులు కాగితంలో చుట్టండి, ఎండాకాలం ఒక గ్లాసు మంచినీళ్లివ్వండి. మార్చిలోనే మూడు ఇళ్ల ముందు నీళ్ల క్యాన్లు వెలిశాయి.

డబ్బు విషయం. మండలి పేరు మీద ఖాతా తెరుద్దామని జూన్‌లో బ్యాంకుకి వెళ్తే సొసైటీ రిజిస్ట్రేషన్, మండలి పేరున పాన్ కార్డు, తీర్మానం కాపీ అడిగారు. రిజిస్ట్రేషన్‌కి కనీసం ఏడుగురు సభ్యులు, నియమావళి కావాలి, ఆ తర్వాత కూడా ఏటా కాగితాలు దాఖలు చేస్తుండాలి. నెలకి అయిదారు వేలు తిరిగే సంఘానికి అంత అవసరమా అని మానుకున్నాం. దానికి బదులు ప్రతి సమావేశం చివర లెక్క గట్టిగా చదవడం, బిల్లుల ఫోటోలు అదే రోజు గ్రూపులో పెట్టడం. మొదట్లో "మేం నమ్మమా వదినా, ఇదంతా ఎందుకు" అన్నవాళ్లే, నవంబరులో ప్లేట్ల లెక్క తేడా వస్తే ఫోటోలు తీసి చూసుకున్నారు.

పుస్తకం తీసుకోవడానికి మార్చి సమావేశంలో ఎవరూ చెయ్యెత్తలేదు. చివరికి ఇద్దరు కోడళ్లు, ఒకరు బుధవారాలు, ఒకరు ఆదివారాలు చూసుకుంటామని పంచుకున్నారు. హాజరు ఇప్పుడు నలభైకి అటూ ఇటూ ఉంటోంది. మృగశిర కార్తె రోజు ఏదీ పెట్టొద్దని క్యాలెండరులో ఎర్ర ఇంకుతో గుండ్రం చుట్టి ఇచ్చాను. డబ్బాలో 9,815 ఉన్నాయి, కొత్త మూత కూడా చేయించాను, 40 రూపాయలు. సౌండ్ బాక్సుల అతని దగ్గర బతుకమ్మ నాటి అడ్వాన్సు 500 ఉండిపోయింది. ఎన్నిసార్లడిగినా "వచ్చే పండగకి సర్దుతా మేడం" అంటాడు. అది మాత్రం వాళ్లే వసూలు చేసుకోవాలి.